శుక్రవారం గడప దాటని కుక్కపిల్ల

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, ఒక లాడ్జి పక్క మెట్లెక్కి పోతే పైన ఉంటుంది ఆ గది. బయట బోర్డేమీ లేదు. తలుపు తెరవగానే ఫినాయిల్ వాసన, దాని వెనకాల ఇంకేదో వాసన. మా పాప నా కొంగుతో ముక్కు మూసుకుంది. కుక్కపిల్లలమ్మే అతను మమ్మల్ని గుమ్మం దగ్గరే ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, "లోపటికి రావొద్దమ్మా, పిల్లలకు ఇన్ఫెక్షన్ అయితది. నేనే తీస్కొస్త" అన్నాడు. ఎంత శుభ్రం పాటించే మనిషో అనుకున్నాను.

తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. లేత గోధుమ రంగు ల్యాబ్రడార్, ఆడపిల్ల. అప్పుడే స్నానం పోసి పౌడర్ కొట్టినట్టుంది, చంటిపిల్ల వాసన వచ్చింది. పొట్ట మాత్రం ఉబ్బి, చర్మం మెరుస్తోంది.

"పొట్టేంది గింత ఉన్నది?" అన్నారు మా ఆయన.

"మంచిగ తింటది అన్నా, అందుకే. నా దగ్గర పిల్లలన్నీ గిట్లనే ఉంటయి, ఖుషీగ."

తల్లి ఏదంటే ఫామ్‌హౌస్‌లో ఉందన్నాడు. వయసెంతంటే నెలన్నర దాటిందన్నాడు. సూదులు వేయించావా అంటే అన్నీ అయిపోయాయన్నాడు. అడిగినవాటన్నిటికీ టకటకా జవాబులొచ్చాయి కాబట్టి అవి నిజాలే అనుకున్నాం. పాప అప్పటికే దాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఇంక మేం అడిగేదేముంది?

నేను బడికి పోలేదు. మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఎవరు ఏది చేతికిచ్చినా ఇచ్చినవాళ్ల మంచి కోరాలని అక్షరాలకంటే ముందు నేర్పారు. అది నా ఒంట్లోనే ఉండిపోయింది. కూరగాయలమ్మే ఆమెకూ అంటాను, కరెంటు బిల్లు తెచ్చే అతనికీ అంటాను. వీడికీ దండం పెట్టి, "మీరూ మీ పిల్లలూ చల్లగుండాలి" అని మెట్లు దిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా ఇల్లు అబిడ్స్‌లో, బట్టల దుకాణాల వెనక గల్లీలో. కింద మా ఆయన కళ్లద్దాల దుకాణం, పైన మేం. మా అత్తమ్మకు కుక్కంటే అస్సలు సరిపడదు. వద్దంటే వద్దని నెల రోజులు గొడవ చేసింది. కానీ ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఇంటికి కొత్తగా ఏదొచ్చినా గడప దగ్గర ఆపి బొట్టు పెట్టి, హారతిచ్చి లోపలికి తెస్తుంది. ఫ్రిజ్జుకు పెట్టింది, గ్రైండరుకు పెట్టింది, దుకాణంలోకి కళ్లు పరీక్షించే మెషీన్ వస్తే కిందికి దిగిపోయి దానికీ పెట్టింది. మేం మెట్లెక్కి వచ్చేసరికి హారతి పళ్లెం పట్టుకుని, మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉంది.

"దేవుని అర్ర దిక్కు మొకం పెట్టినవంటే కాళ్లిరగ్గొడ్త" అని కుక్కపిల్లకు చెప్పి, దాని నుదుట కుంకుమ పెట్టింది. అది తుమ్మింది. పాప నవ్వింది.

నవ్వులు ఆ ఒక్క పూటే. తెల్లారి లేచి చూస్తే బాల్కనీలో గోనెసంచి మీద పడి ఉంది. పెట్టిందంతా కక్కేసింది. మధ్యాహ్నానికి నెత్తుటి విరేచనాలు. ఇంట్లో ఒక వాసన పట్టుకుంది, ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోలేదు. ఆ పిల్లకు ఏడ్చే ఓపిక కూడా లేదు. పిలిస్తే కళ్లు మాత్రం తిప్పేది.

నేను కుక్కపిల్లనమ్మిన అతనికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మా ఆయన వేరే నంబరు నుంచి చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. ఫోన్ నేను తీసుకున్నాను.

"ఏం పెట్టిన్రు అమ్మా? పాలు పోసిన్రా?"

"ఔ, పోసినం. మీరే పొయ్యమన్నరు గదా."

"ఏ పాలు? ప్యాకెట్ పాలా? అగో, అదే! ప్యాకెట్ పాలు పోస్తరా ఎవరన్న? నా కాడ ఉన్నన్ని దినాలు దానికి ఏం రోగం లేదు. ఫికర్ చెయ్యకున్రి, జర గ్లూకోజ్ పట్టున్రి, పొద్దుగాలకు దుంకుతది."

తప్పు మాదైపోయింది. పక్కింటామె వచ్చి మజ్జిగ పోయమంది. ఎదురింటాయన పసుపు నీళ్లన్నాడు. కిందికి కళ్లద్దాల కోసం వచ్చిన ఒక ముసలాయన కూడా పైకొచ్చి చూసి, దిష్టి తగిలిందని చెప్పి పోయాడు. అందరూ ప్రేమతోనే చెప్పారు, కాదనను. కానీ ఆ రోజు ఒక్కొక్క సలహాకు తలూపుతుంటే నాకు అరవాలనిపించింది.

సాయంత్రం బషీర్‌బాగ్‌లో ఉన్న కుక్కల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ ముందు దాని పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది.

"ఎన్ని దినాల పిల్లన్నడు?"

"నెలన్నర దాటిందట అమ్మా."

"ఈ పండ్లు చూడండి, ఇప్పుడిప్పుడే మొలుస్తున్నయి. నెల కూడ నిండలేదు. ఇంకా తల్లి పాలు తాగాల్సిన పిల్ల ఇది." పొట్ట నొక్కి చూసింది. "ఇది తిండి కాదు, పురుగులు." ఏదో పరీక్ష చేసి, పార్వో అంది. పేగులను తినేసే జబ్బట, ఇంత చిన్నవాటికి వస్తే చాలావరకు దక్కవట. "ఒక్క సూది కూడ పడలేదు దీనికి. పొద్దున, సాయంత్రం తీసుకొచ్చి డ్రిప్ పెట్టించండి. ఒక్క పూట కూడ తప్పొద్దు. బతుకుతదని మాత్రం నేను చెప్పలేను."

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. డ్రిప్ సూది కోసం దాని ముందుకాలు మీద బొచ్చు గీకుతుంటే ఎంత సన్నగా ఉందో కనిపించింది, అగ్గిపుల్లంత. నరం దొరక్క రెండుసార్లు గుచ్చారు. అది నా వేలు నాకింది.

ఇంటికొచ్చి దీపం పెట్టుకుని కూర్చున్నాను. రోజూ ఆ వేళకు ఆ రోజు జరిగిన మంచిని తలుచుకుని స్వామికి చెప్పుకుంటాను. ఆ రోజు నోట్లోంచి మాట రాలేదు. డాక్టరమ్మ దొరికింది కదా, అది మంచే. కానీ దాని వెనకే పౌడర్ కొట్టిన ఆ తువ్వాలు గుర్తొచ్చింది. దీపం దగ్గర అంత కోపంగా కూర్చోవడం నాకు అదే మొదలు.

అప్పుడే మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి అతనే చేశాడు. మా ఆయన స్పీకర్ పెట్టారు.

"అన్నా, మీరు మంచోళ్లు, మీకు నష్టం కానియ్య. పైసలైతే వాపస్ ఉండవు గని, పిల్లను తెచ్చియ్యున్రి, ఇంకోటి ఇస్త. గదే రంగు, గదే సైజు. పాపకు తెల్వది కూడ."

"మరి దీన్నేం చేస్తరు?" అని నేను అడిగాను.

"అది మేం చూసుకుంటం లే అమ్మా" అన్నాడు, పాత బస్తాను ఏం చేస్తారంటే చెప్పినట్టు.

నాకు అర్థమైంది. మా ఆయనకూ అర్థమైంది, కానీ ఆయన ఇంకోలా ఆలోచించారు. పాప పక్కగదిలో పడుకుని ఉంది. "ఎట్లాగూ దక్కదంటున్నరు. పాప కండ్ల ముందే పోతే తట్టుకోలేదు. పొద్దున్నే దాన్ని ఇచ్చేసి ఇంకోటి తెస్త. ఆ పాపం వాడే మోస్తడు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. పాప ఏడిస్తే చూడలేరు. నేను వద్దన్నాను. వద్దంటే దానికి బదులు ఏం చేద్దాం చెప్పు అన్నారు. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆయన మాటకు ఎదురు చెప్పి నిలబెట్టుకున్నది లేదు.

మర్నాడు పొద్దున్నే కళ్లద్దాలొచ్చే అట్టపెట్టెలో పాత లుంగీ పరిచి పిల్లను పడుకోబెట్టారు. నేను పెట్టె వెనకాలే నడిచాను. గుమ్మంలో మా అత్తమ్మ గడపకు పసుపు రాస్తోంది. తల ఎత్తలేదు.

"ఎక్కడికి రా?"

"నాంపల్లి పోయొస్త అమ్మా. ఆయనకిచ్చి వేరేది తెస్త."

"ఇయ్యాల ఏం వారం?"

"శుక్రవారం. అయితే ఏంది?"

"అయితే ఏందా? శుక్రవారం పూట ఇంట్లకెల్లి ఉప్పు గల్లు కూడ బయటికియ్య నేను. బొట్టు వెట్టి లోపటికి తెచ్చినదాన్ని పంపిస్తనా?"

"అమ్మా, అది కుక్క!"

"కుక్కనో నక్కనో, బొట్టు వెట్టింది నేను. తెచ్చేటప్పుడు వద్దన్న, విన్నవా? ఇప్పుడు వెట్టిన. ఇంక ఇది ఈ ఇంటిదే."

మా ఆయనకు కోపం వచ్చింది. "మరి దవాఖానకు కూడ తీస్కపోవద్దా? ఇంట్లనే సావనిస్తవా?"

మా అత్తమ్మ ఇరుకున పడింది. పసుపు చేయి అలాగే గాల్లో పెట్టుకుని ఆలోచించింది. "దవాఖానకు పోయి రావచ్చు" అంది చివరికి. "పోయి వచ్చుడు వేరు, పంపిచ్చుడు వేరు. దాని గిన్నె ఈడనే ఉండాలె. గిన్నె ఇంట్ల ఉంటే అది మల్లొస్తున్నట్టే లెక్క." నా వైపు చూసి, "నువ్వు కూడ పో. వీడు ఆటోను ఎటు తిప్పుతడో" అంది.

చెప్పులేసుకుని దిగాను. పెట్టె నేనే తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఆటోలో మా ఆయన గొణుగుతూనే ఉన్నారు: చాదస్తం, మూఢనమ్మకం, చచ్చేదాన్ని పట్టుకుని వేలాడటం. పెద్ద పోస్టాఫీసు దగ్గర సిగ్నల్ పడింది. ఆటో అతను వెనక్కి తిరిగి, "ముందు నాంపల్లి అన్నరు, మల్ల దవాఖాన అంటున్నరు. ఎటు పోవాలె సార్, జల్ది చెప్పున్రి, గ్రీన్ పడుతది" అన్నాడు.

మా ఆయన నోరు తెరిచేలోపే "బషీర్‌బాగ్" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పక్క స్కూటరు ఆమె కూడా తిరిగి చూసింది. ఆయన నన్నొకసారి చూసి బయటికి తల తిప్పుకున్నారు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో వరసగా గుర్తులేవు. పొద్దున డ్రిప్పు, సాయంత్రం డ్రిప్పు. బాల్కనీ కడగడం, గుడ్డలు బ్లీచింగ్‌లో నానబెట్టడం, చేతులు పొక్కిపోవడం. పాప బడి నుంచి వచ్చి మెట్ల కిందే నిలబడి "ఉన్నదా?" అని అరిచేది. ఉన్నదని నేను పైనుంచి అంటేనే ఎక్కేది. ఆదివారం కుక్కపిల్లలమ్మే అతను మళ్లీ ఫోన్ చేసి, "ఇయ్యాల దాటితే ఇంకోటి ఇచ్చుడు నా జిమ్మేదారి కాదమ్మా, మల్ల నన్ననొద్దు" అన్నాడు. మా ఆయన ఫోన్ లాక్కుని, ఈ ఇంట్లో నేనెప్పుడూ వినని మాటలన్నారు. మా అత్తమ్మ జపం ఆపి విని, మళ్లీ జపం చేసుకుంది.

వాంతులు ఆగాయి. ఒక పొద్దున నేను గంజి కలుపుతుంటే బాల్కనీలో గిన్నె చప్పుడైంది. ఖాళీ గిన్నెను ముక్కుతో నెట్టుకుంటూ వస్తోంది, కాళ్లు వణుకుతున్నాయి, రెండడుగులేసి కూలబడింది, మళ్లీ లేచింది. నేను గంజి చేత్తోనే గోడకానుకుని ఏడ్చాను. స్వామికి ఏం చెప్పుకున్నానో నాకే తెలియదు. మా అత్తమ్మ వచ్చి చూసి, "గంజి సల్లారవెట్టు, మూతి కాలుతది" అని వెళ్లిపోయింది.

బతికిందన్న మాటే గానీ పూర్తిగా బాగైందని చెప్పను. పేగులు దెబ్బతిన్నాయట, ఏది పడితే అది అరగదు. వెనకకాళ్లు కొంచెం వంకర. వయసుకు తగ్గ ఎత్తు లేదు, ఇక రాదేమో అంటోంది డాక్టరమ్మ. ఆమె చేతులకు నేను రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. ఫిర్యాదు చేద్దామని మా ఆయన రెండు మూడుచోట్లకు తిరిగారు. రసీదు ఉందా అన్నారు. లేదు. దుకాణం పేరేంటన్నారు. పేరే లేదు. అక్కడితో ఆగిపోయింది. ఆ గది మాత్రం అలాగే నడుస్తోంది.

మొన్న కుక్కపిల్లలమ్మే అతను ఫోన్ చేశాడు.

"అమ్మా, పిల్ల దక్కిందట గదా! సంతోషం. ఒక చిన్న వీడియో పంపున్రి, ఉరికేది, ఆడేది. మా దగ్గర తీసుకున్న పిల్ల అని కస్టమర్లకు చూపిస్త."

ఫోన్ పెట్టేశాను. మొదటిరోజు దవాఖానలో డాక్టరమ్మకు చూపించడానికని పాప తీసిన వీడియో ఫోన్‌లో ఇంకా ఉంది: గోనెసంచి, నెత్తురు, కళ్లు మాత్రం తిప్పుతున్న పిల్ల. అది పంపాను.

వెంటనే జవాబొచ్చింది. "ఇది కాదమ్మా. మంచిగున్నది పంపున్రి."

నాకు ఫోన్‌లో రాయడం నిదానం. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని రాశాను. "మీరిచ్చింది ఇదే. మంచిగున్నది మీది కాదు."

అతను చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. నేను ఫోన్ పక్కన పడేసి, మాత్ర దాచిన అన్నం ముద్ద పట్టుకుని దాని వెనక పడ్డాను. ముద్దంతా తిని మాత్ర ఒక్కటి నేల మీద ఉమ్మేసింది. తుడిచి మళ్లీ కలిపాను.