పదికి మూడు

రొయ్యల గుంట గట్టు మీద విసురు వల వేయబోయి, వంగినవాడిని వంగినట్టే ఉండిపోయాను. నా నడుములో ఏదో తేడా వచ్చిందని ఆ రోజే తెలిసింది. మా ఊరు కావలికి తూర్పున, సముద్రం పక్కన. వలలో పడిన రొయ్యలను తూచి, గుంట మొత్తంలో ఎన్ని ఉంటాయో అంచనా కట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు. చేస్తూ నేర్చుకున్నాను.

నా భార్య తమ్ముడు రమణయ్య నన్ను నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఎక్స్-రేలో ఏమీ కనపడలేదు. డాక్టరు గారు కంప్యూటర్ వైపు చూస్తూ అడిగారు. "నొప్పి పదికి ఎంత? అసలు భరించలేనిది పది అనుకోండి."

నేను బాగా ఆలోచించాను. "మూడు సార్."

"మూడేగా. మజిల్ స్ట్రెయిన్, కండరం పట్టేసింది. మాత్రలు రాస్తాను."

బయటికొచ్చాక రమణయ్య అన్నాడు. "మెట్లెక్కేదానికి నన్ను పట్టుకుంటివే, మూడంటావేంది బావా? నొప్పికి కూడా రొయ్యల కౌంటు కడితివా?"

నవ్వేశాను. మళ్లీ వెళ్లినప్పుడు "నాలుగు" అన్నాను. మాత్రలు మార్చారు. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది, మనిషిని చిక్కిపోయాను. వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. ఒక ఉదయం మంచం దిగితే ఎడమ కాలు నేలకు ఆనిన సంగతే తెలియలేదు.

ఎంఆర్ఐ తీశారు. స్పైన్ టీబీ. వెన్నుపూస చితికి వెన్నుపామును నొక్కుతోంది, వెంటనే సర్జరీ చేయాలి అన్నారు.

వార్డులో సిస్టర్ ఇంజెక్షన్ ట్రేతో వచ్చి మళ్లీ అదే అడిగింది. "అయిదు" అన్నాను. ఆమె మంచం కమ్మీని పట్టుకున్న నా చేతిని చూసింది.

"ఆ పట్టు అయిదులాగా లేదే. ఇంతకీ నువ్వు దేన్ని పది అనుకున్నావన్నా?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు. "మా పద్మ అంబులెన్సులో నా ఒళ్లో పోయినప్పుడు. నెల్లూరు ఇంకా రానేలేదు. అది పది. దాంతో చూస్తే నడుము ఎంతని చెప్పేదమ్మా?"

తలుపు దగ్గరున్న రమణయ్య గోడ వైపు తిరిగిపోయాడు. పోయింది వాడి అక్క. సిస్టర్ ట్రే పక్కన పెట్టి కూర్చుంది.

"అది ఇందులో కలిపేది కాదన్నా. దానికి మా దగ్గర మందు లేదు. నడుముకైతే ఉండాది. ఒట్టి నడుము ఎంతో చెప్పు."

పద్మ పోయాక నలుగురి ఎదుట ఏడవడం అదే మొదటిసారి. ఏడ్చి, "తొమ్మిది" అన్నాను.

సర్జరీకి ముందు, మొదట చూసిన డాక్టరు గారు వచ్చారు. ఈసారి నా ముఖం చూస్తూ మాట్లాడారు. "మీరు నెమ్మదిగా మూడన్నారు. నేనూ నెమ్మదిగా మూడని రాసుకున్నాను. ఇంకొక మాట అడిగి ఉండాల్సింది." నాకు కోపం రాలేదు.

ఇప్పుడు టీబీ మందులు పూర్తయ్యాయి. నడుము నొప్పి తగ్గింది. ఎడమ పాదం మాత్రం పైకి లేవదు. జబ్బు ముందే తెలిసి ఉంటే లేచేదా అంటే ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. వల రమణయ్య వేస్తాడు. నేను కర్ర ఆనించుకుని గట్టున నిలబడి లెక్క చెబుతాను. పద్మ అన్నం క్యారియర్ తెచ్చే వేళకు ఇప్పటికీ దారి వైపు చూస్తాను. ఆ పది అట్లాగే ఉంది.

నొప్పి ఎంత అని అడిగితే ఒట్టి అంకె చెప్పి ఊరుకోకండి. దానివల్ల చేయలేకపోతున్న పని చెప్పండి. వంగలేకపోతున్నాను, మెట్లెక్కలేకపోతున్నాను అనండి. ఇంట్లో మనిషి పోయి ఉంటే, అడగకపోయినా, అదీ చెప్పండి. మీ పది ఏదో వాళ్లకు తెలుస్తుంది.