పేజీ అడుగున అంకె

మదనపల్లెలో పుంగనూరు బస్సెక్కాను. పక్క సీటాయన ఫోన్లో పాతకాలపు వెబ్‌సైట్ ఒకటి చూస్తున్నాడు. పైన ఇత్తడి బిందెల ఫోటోలు, అడుగున ఇంతవరకూ చూసినవాళ్ల సంఖ్య.

"నేను చేసిందేనప్పా, ఒక పాత్రల అంగడికి. ఇప్పుడు మాతో ఎవురు చేయించుకుంటారు? అడిగితే ఏఐ నిమిషంలో చేసిస్తాది. ఈ అంకె కూడా ఎవురూ పెట్టరు."

ఆ అంగడి యజమాని రోజూ పొద్దున్నే తన పేజీ తానే తెరిచి, ఇంకొకరు చూశారని మురిసిపోయేవాడట. ఆయన చనిపోయి చాలా కాలమైందట.

"నేను దినానికి ఒకసారే సూస్తాను. అంకె మాత్రం రెండు పెరుగుతాండాది."

ఇంటర్నెట్‌లో ఏవో మిషన్లు వాటంతటవే పేజీలు తెరిచి చూస్తుంటాయన్నాను. అవునన్నట్టు తలూపాడు. నేనూ చూస్తాను, అడ్రస్ చెప్పమన్నాను.

ఫోన్ ఒళ్లో బోర్లించుకున్నాడు.

"వద్దప్పా. మీరూ తెరిస్తే, ఆయన వచ్చిపోయింది నాకెట్ల తెలుస్తాది?"