సర్వపిండి చుట్టిన కాగితం

మొన్న పంజాగుట్టలో మెట్రో దిగి నడుస్తుంటే, కొత్తగా పెట్టిన టిఫిన్ సెంటర్ బోర్డు మీద ఇడ్లీ, దోసెల పక్కన సర్వపిండి అన్న మాట కనిపించింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి, లోతైన గిన్నె లోపలంతా అద్ది, వేలితో చిల్లులు పొడిచి నూనె పోసి కాల్చే ఆ రొట్టె కోసం కుర్రాళ్ళు ఎగబడుతున్నారు. నేను మాత్రం అక్కడ నిలబడలేక వచ్చేశాను.

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల కోసం ఇరుకు గదుల్లో మోకాళ్ళ మీద నోట్సు రాసుకున్న రోజులు మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. మాది కోస్తా నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో స్థిరపడ్డ కుటుంబం. నా పక్కన కూర్చునే మిత్రుడు బోరబండ నుంచి నడిచి వచ్చేవాడు. వాళ్ళ ఊళ్ళో మగ్గాలు మూలపడ్డాక వాళ్ళమ్మ ఇక్కడ జాకెట్లు కుడుతూ చదివించేది. నాకు ఎక్కని పాఠాలన్నీ వాడు గుండ్రటి అక్షరాలతో విడి కాగితాల మీద రాసి ఇచ్చేవాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆమె చేసే సర్వపిండిని, అడుగున మాడిన పెచ్చుతో సహా గీక్కుని తినేవాణ్ణి.

కోర్సు ముగిసే ముందు ఒక ఆదివారం, ఎవరింటి వంట వాళ్ళు తెచ్చి పంచుకుందామని క్లాసంతా బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళాం. సర్వపిండి చేయించుకు రమ్మని వాడికి చెప్పింది నేనే. విరిగిపోతుందని వాడు దాన్ని గిన్నెతో సహా బస్సులో తెచ్చాడు.

"నీకే ఫస్టు అన్నా. ఎట్లున్నదో అమ్మ అడుగుతది" అని పెద్ద ముక్క నా చేతిలో పెట్టి, నీళ్ళకు వెళ్ళాడు.

"ఏంట్రా వీడు, గిన్నెతో సహా దిగాడు! పొయ్యి కూడా తేవాల్సింది. నువ్వు తింటావేంటి అది?" అన్నాడు మా కాలనీ మిత్రుడొకడు. అందరూ నవ్వారు. నా వల్ల కాదన్నాను. జేబులో ఉన్న కాగితంలో ఆ ముక్కను చుట్టి, వెనక పొదలోకి తోసేశాను. వాడు తిరిగొచ్చి తిన్నవా అని అడిగితే, వాడి యాసలోనే "మస్తుగున్నది" అన్నాను. మళ్ళీ నవ్వులు.

కాసేపటికి ముసలి తోటమాలి ఆ ముక్కతో సహా విప్పిన కాగితం చేతిలో పట్టుకుని మా మధ్యకు వచ్చాడు. "ఎవరిది గిది? తినబుద్ధి కాకుంటే చెప్పాలె గని, గిట్ల పొదల పారేస్తరా?"

ఆ కాగితం మీద గుండ్రటి అక్షరాలు. వాడు వాటిని చూశాడు. ఎవరికి రాసిచ్చినవో వాడికి తెలుసు.

"నాదే కాకా. చెయ్యి జారింది."

మట్టి దులిపి, అక్కడే నిలబడి, ఆఖరి ముక్క దాకా తిన్నాడు.

మర్నాటి నుంచి వాడు వెనక వరసలో కూర్చున్నాడు. వాడు నేర్పిన పాఠాలతోనే నాకు ఉద్యోగం వచ్చింది. క్షమించమని అడగడానికి బోరబండ వెళ్ళేసరికి నాలుగేళ్ళు గడిచాయి. వాళ్ళుండే ఇంట్లో వేరెవరో ఉన్నారు.

ఆ రొట్టెను ఇప్పుడు ఎవరూ ఎగతాళి చెయ్యరు. మా కాలనీ వాళ్ళే వరసలో నిలబడి తింటున్నారు. అంతా మారిపోయిందని ఊరట పడదామనుకుంటాను. కానీ ఆ సాయంత్రం గిన్నె కడుగుతూ, నీ దోస్తు తిన్నడా అని వాళ్ళమ్మ అడిగే ఉంటుంది. మస్తు తిన్నడమ్మా అని వాడు చెప్పే ఉంటాడు.