నిమ్మకాయ తొక్కించిన బొమ్మకారు

మాది భూపాలపల్లి. ముప్పై దాటినా రిమోట్‌తో రాళ్లెక్కే బొమ్మకారంటే నాకు పిచ్చి. మొన్న ఎండాకాలం దాని గట్టి స్ప్రింగులు తీసేసి, చక్రాలు రాయిని వదలకుండా పట్టుకోవాలని మెత్తటివి వేశాను. "కొత్తగ చేసిన బండి, ఊకెనే నడుపుతవారా?" అంటూ మా అమ్మ దానికీ కుంకుమ బొట్లు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించింది.

ఇంటి వెనక బండల మీద నడిపిస్తుంటే కారు అవతలికి దిగి, పక్కింటి సమ్మయ్య వాకిట్లోకి పోయింది. ఆయన బిడ్డకు అప్పటికే వారంగా జ్వరం. బొట్లతో, చక్రానికి నిమ్మతొక్కతో పాకుతూ వచ్చిన దాన్ని చూసి "బాణామతి!" అని అరిచాడు. రిమోట్‌తో పరుగెత్తి వచ్చిన నన్ను చూడగానే, "నా బిడ్డను తింటున్నది నువ్వేనారా?" అని కర్రతో నెత్తి పగలగొట్టాడు. నలుగురు చేరి తన్నారు. నేను కిందపడ్డా, నా వేలు రిమోట్ మీట మీదే బిగుసుకుపోయింది. కారు మీదికి రాళ్లు విసిరితే, అది ఆ రాళ్లనే ఎక్కుతూ వాళ్ల మీదికి పోయింది. నాకు ఇంకో విడత తన్నులు!

మా అమ్మ వచ్చి నా మీద పడి, "గది బొమ్మరా! నిమ్మకాయ నేనే తొక్కిచ్చిన!" అని మొత్తుకుంటేగాని ఆగలేదు.

దవాఖానలో నాకు కుట్లు వేస్తుంటే, వెంట వచ్చిన సమ్మయ్య మెల్లగా అడిగాడు: "మరి గది రాళ్లెట్ల ఎక్కింది తమ్మీ?"

"మెత్తటి స్ప్రింగులన్నా."

నా గాయం మానింది. మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు బిడ్డ మొహం మీద తువ్వాల కప్పడం ఆయన మాత్రం మానలేదు.