తెరిచిన తారీఖు

నా బీరువాలో నలభై ఒక్క విస్కీ సీసాలున్నాయి. నలభై నావి. ఒకటి నాది కాదు. ఆ ఒక్కదాన్నీ ఇన్నేళ్లుగా గుండె మీద పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కనుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు, ఇక రాదు కూడా.

పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఇల్లు మిన్నీ బేలో. తాగుబోతుని కాను, ఆదివారం ఒక పెగ్గు, అంతే. సీసాలు పోగుచెయ్యడమే నా పిచ్చి. ఓడల్లో పనిచేసేవాళ్లనీ, మెయిన్‌లాండ్ వెళ్లొచ్చేవాళ్లనీ బతిమాలి తెప్పించుకునేవాణ్ణి. దేవుడి పటాలకన్నా వీటినే ఎక్కువ తుడుస్తారని మా ఆవిడ దెప్పుతుంది. నిజమే.

ఏది ఎప్పుడు కొన్నానో, ఏది విప్పానో ఈ మధ్య మరిచిపోతున్నాను. అది చూసి మున్ని నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టింది. సీసాల లెక్క చూసుకోడానికే చేసిన యాప్. మున్ని నా స్నేహితుడి కూతురు, నన్ను మావయ్యా అంటుంది. ఆమె తండ్రీ నేనూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లం. చుట్టరికమేమీ లేదు, ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు, దీవుల్లో ఆ మాత్రం చాలు. అతని పేరు రాయను, బావ అనే రాస్తాను. సునామీలో పోయాడు. పోయాడని కాగితం మీద రాసింది నేను.

ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, మున్ని నా సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టింది. ఒక్కొక్కదానికీ ఫొటో తీస్తోంది, పేరు ఎక్కిస్తోంది, ఎక్కడ కొన్నది, విప్పినదా కాదా, ఎంత మిగిలింది అని అడుగుతోంది. నేను హాయిగా జవాబులు చెబుతున్నాను. బీరువాలో వెనక వరసనుంచి, ఆ ఒక్క సీసా ఉన్న గుండ్రటి రేకు డబ్బా ఆమె ఎప్పుడు తీసిందో చూడలేదు.

"మావయ్యా, ఇది ఖుల్లా ఉంది కదా. ఎప్పుడు తెరిచేరు? తారీఖు అడుగుతోంది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అది బాగాలేదు, పారేద్దామన్నాను. ఆమె నవ్వింది. అందాజాగా చెప్పమంది. నోట్లోంచి ఎలా వచ్చిందో, సునామీ అయిన వారంలో అనుకో అన్నాను.

"మా డాడీ కోసం తాగుంటారు. పాపం మావయ్యా," అంది. తారీఖు ఎక్కించింది.

నేను దాంట్లో ఒక్క చుక్క తాగలేదు. తెరిచింది నేను కాదు. వాళ్ల నాన్న.

సునామీకి రెండేళ్ల ముందు, ఒక ఓడ వంటవాడి దగ్గర ఆ సీసా చూశాం. పద్దెనిమిదేళ్ల స్కాచ్. ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం, బావకి దొరికింది. నా మొహం చూసి ఎంత ఏడిపించాడో. "గుటకలు మింగకు బావా. మున్ని పదో క్లాసు పాసైన రోజున విప్పుతా, నీకు డబుల్," అన్నాడు. అన్న మాట మీద నిలబడేవాడు, మూత మీద చెయ్యి కూడా వెయ్యలేదు. తర్వాత నికోబార్ వైపు ఒక దీవికి బదిలీ అయింది. భార్యనీ మున్నినీ చదువు కోసం పోర్ట్ బ్లెయిర్‌లోనే, గోల్ ఘర్‌లో అద్దింట్లో ఉంచి ఒక్కడే వెళ్లాడు. నా కళ్లబడితే పోతుందని సీసా కూడా పట్టుకుపోయాడు. వేళాకోళానికే అన్నాడు.

సునామీ వచ్చిన తొమ్మిదో రోజున నన్ను ఆ దీవికి పంపారు. ఏ క్వార్టర్ నిలబడింది, ఏది పోయింది, జాబితా రాసుకురావాలి. బావ క్వార్టర్ క్రీక్‌కి, అదే సముద్రపు పాయకి, అవతల మిట్ట మీద. వంతెన కొట్టుకుపోయింది. దారి తెలిసినవాణ్ణని చిన్న పడవలో నన్నొక్కణ్ణే దాటించారు. పడవవాడు కిందే ఉండిపోయాడు. పైన నాలుగిళ్లుండాలి. మూడింటికి పునాదులే మిగిలాయి. బావ ఇంటికి ముందు గదులు లేవు, వంటిల్లు మాత్రం నిలబడి ఉంది. వంటగట్టు ఎక్కి అటకలోకి చూశాను.

అక్కడ దుప్పటి పరిచి ఉంది. తలకింద పెట్టుకోడానికి మడిచిన తువ్వాలు. ఒక కొబ్బరి చిప్ప, లోపల సగం తిన్న కొబ్బరి. తెల్లగా ఉంది. మూలన రేకు డబ్బా.

నేను డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాను.

దుప్పటి చూడలేదా? చూశాను. ఈ దీవుల ఉక్కలో పగిలిన కొబ్బరి రెండో రోజుకే జిగటబడుతుందని నాకు తెలియదా? పాతికేళ్లు ఇక్కడ బతికినవాణ్ణి, తెలియకేం. అయినా ఆ క్షణంలో నా బుద్ధంతా డబ్బా మీదే ఉంది. గుర్తుగా ఉంచుకుందాం, పోయినవాడి చివరి వస్తువు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తు కావాలంటే తువ్వాలు తీసుకోవచ్చుగా? తీసుకోలేదు. ఇంకా ఘోరం చెబుతాను. చుట్టూ అడవి. బావా అని ఒక్క కేక వెయ్యలేదు. వేస్తే పడవవాడు పైకొస్తాడు, సంచి చూస్తాడు.

నిలబడ్డ ఇళ్లలో సామాను పోలీసుల ఎదుట రాసి ఇంటివాళ్లకి అప్పగించాలని రూలు. బావ భార్యకి ఆ సీసా సంగతి తెలుసు, వంటిల్లు నిలబడిందంటే ఏదని అడుగుతుంది. అందుకని ఆ మిట్ట మీదే నిలబడి జాబితాలో రాశాను: నాలుగూ పూర్తిగా పోయాయి, మనుషుల జాడ లేదు. సంతకం చేశాను. ఆ కాగితం చూశాక క్రీక్ అవతలికి వెతకడానికి ఎవరూ వెళ్లలేదు.

తిరుగు ఓడలో, మధ్యాహ్నం, డెక్ మీద డబ్బా మూత తీశాను. సీసా సీలు తెగి ఉంది. మూడోవంతు ఖాళీ.

అప్పుడు ఇక తెలియనట్టు నటించడానికి నాకేమీ మిగల్లేదు. కూతురి కోసం దాచిన సీసా బావ ఊరికే విప్పడు. నీళ్లొచ్చినప్పుడు అటకెక్కాడు. అక్కడే పడుకున్నాడు, చలికో భయానికో కొంచెం కొంచెం తాగాడు, మిగతాది మూత బిగించి దాచుకున్నాడు. దాచుకున్నవాడు తిరిగి రావాలనుకున్నవాడే. నేను వెళ్లిన పూట కొబ్బరికాయల కోసమో మంచినీళ్ల కోసమో అడవిలోకి వెళ్లుంటాడు. తిరిగొచ్చి చూసుకుని ఉంటాడా? సీసా లేదంటే ఎవరో వచ్చారని తెలిసి ఉంటుంది. వచ్చి తనని పిలవకుండా వెళ్లిపోయారని కూడా తెలిసి ఉంటుంది. నిద్ర లేచిన ప్రతి పొద్దూ నేను ఇక్కడికే వచ్చి ఆగుతాను.

ఓడలో వైర్‌లెస్ ఉంది. ఒక్క మాట చెబితే చాలు. చెబితే దొంగతనం, దొంగ రిపోర్టు బయటపడతాయి, ఉద్యోగం పోతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

జెట్టీ దగ్గర ఆమె నిలబడి ఉంది. బావ భార్య. నన్ను సొంత అన్నలాగే చూసేది.

"అన్నయ్యా, ఇల్లు చూసేరా?"

"చూశానమ్మా. ఏమీ మిగల్లేదు."

"ఆయన చాలాసేపు బాధపడ్డారంటారా?"

"లేదమ్మా. ఒక్క క్షణం. తెలిసేలోపే అయిపోయుంటుంది."

ఆమె తలూపింది. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "అంతే చాలు," అంది.

మూడు రోజుల తర్వాత, శవం దొరకలేదు కనుక దర్భలతో బొమ్మ చేసి దహనం చేయించారు. ఆపైన పుట్టింటి చీర పెట్టాలి. ఆమె అన్నదమ్ములకి విమానంలో చోటు దొరకలేదు. అన్నయ్యా అని పిలిచినందుకు నన్నే పెట్టమన్నారు. పెట్టాను. మొగుడు బతికున్నాడో లేదో నాకు తెలియదు. బతికుండవచ్చని తెలుసు. అలా తెలిసి, నా చేతులతో ఆమె ఒళ్లో విధవరాలి చీర పెట్టాను. ఛీ, ఇలాంటి పని పగవాడు కూడా చెయ్యడు.

తర్వాతి వారాల్లో ఇతర దీవుల అడవుల్లోంచి అక్కడొకరు ఇక్కడొకరు ప్రాణాలతో బయటపడ్డారు. ఊరంతా సంతోషించేది. నేను పేర్లు వెతికేవాణ్ణి. బావ పేరు ఉండాలని వెతికానా, ఉండకూడదనా? ఇన్నాళ్లూ ఉండాలనే అని సర్దిచెప్పుకున్నాను. కాదు. ఉండకూడదనే వెతికాను. వాడొస్తే నా సంగతి బయటపడుతుంది. బావ రాలేదు. ఎక్కడ, ఎన్నో రోజున పోయాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు యాప్ నెలకోసారి గుర్తుచేస్తుంది. ఈ సీసా తెరిచి చాలా ఏళ్లయింది, రుచి పోకముందే పూర్తి చెయ్యండి అని. అది ఆపేసే ఏర్పాటు ఉందిట. మున్నిని అడిగితే చేసిపెడుతుంది. అడగలేదు.

మున్ని తల్లి ఈ ఊళ్లోనే, ఆస్టినాబాద్‌లో ఉంటుంది. ఏటా తద్దినానికి నాకు పక్కనే కూర్చుని వడ్డిస్తుంది. "ఆరోజు మీరు చెప్పిన మాటే నన్ను నిలబెట్టింది అన్నయ్యా. ఆయన బాధపడకుండా పోయేరు, అదే నాకు ధైర్యం," అంటుంది. ఏటా అదే మాట. నేను తలదించుకుని తింటాను. నిజం చెబితే నా బరువు దిగుతుందేమో, కానీ ఆమెకి ఉన్న ఆ ఒక్క ధైర్యమూ పోతుంది. ఆమె కోసమే దాస్తున్నానని అనుకోడం బాగుంటుంది. అదీ పూర్తి నిజం కాదు. మున్ని మావయ్యా అనడం మానేస్తుందని భయం.

మీకు చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది. ఆ మాట రాయడానికీ సిగ్గుగానే ఉంది. ఆమెకి చెప్పవలసింది మీకు చెబుతున్నాను. అమ్మా, బావ ఒక్క క్షణంలో పోలేదు. ఎన్నో రోజులు ఆ అటక మీద ఉండి, ఎవరైనా వస్తారని ఎదురుచూశాడు. వచ్చినవాణ్ణి నేను.