ఒక్క మాట మార్చి చదివిన నవలతో డోర్నకల్ దాకా

పోయిన నెల మా అక్క స్వరూప ఫోన్ చేసి, "మనం చదివిన అక్కచెల్లెండ్ల పుస్తకం యాదికున్నదా? యాడన్న దొరికితే తెచ్చిపెట్టవే," అన్నది. వరంగల్ నుంచి డోర్నకల్‌కు నేను చేసిన ఈ ఒక్కరోజు ప్రయాణానికి కారణం ఆ ఫోనే. 'మనం చదివిన' అన్నది గానీ, చదివింది నేను, విన్నది ఆమె. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. నర్సంపేట దగ్గర మా ఊళ్లో, తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, బడి నుంచి తెచ్చిన ఆ పాత నవలను రోజూ సాయంత్రం పైకి చదివేదాన్ని. అక్క మిరపకాయల తొడిమలు తీస్తూ వినేది. ఘాటుకు నాకు దగ్గొస్తే, "దగ్గుడు తర్వాత దగ్గు, ముందుగాల ఆమె ఏమన్నదో చెప్పు," అని తొందరపెట్టేది.

హనుమకొండలో పాత పుస్తకాల దుకాణంలో అదే నవల అట్ట లేకుండా దొరికింది. ఆదివారం ఉదయం ఆరున్నరకు హాస్టల్ నుంచి బయలుదేరాను. గదిలో ఎవరికీ చెప్పలేదు, అడిగేవాళ్లు కూడా లేరు. వరంగల్ స్టేషన్‌కు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "ఒక్కదానివేనా బిడ్డా, ఇంకెవలన్న అత్తరా?" అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. "మరి ఆ బ్యాగుకెందుకు సీటు? ఒడిల పెట్టుకో, ఇంకో మనిషి పడతడు," అన్నాడు. దారంతా పుస్తకమున్న ఆ బ్యాగును ఒడిలోనే పెట్టుకుని కూర్చున్నాను.

ప్యాసింజర్‌కు జనరల్ టికెట్ నలభై రూపాయల లోపే. ఎనిమిది దాటాక బండి కదిలింది. నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్ మీదుగా డోర్నకల్‌కు రెండు గంటలు పట్టింది. కిటికీ పక్కన సీటు దొరికింది. కేసముద్రం దాటాక చేలల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. వాటిని చూడగానే గొంతులో పాత దగ్గు కదిలినట్టయింది. పుస్తకం తీసి, మడత పెట్టుకున్న 212వ పేజీ మరోసారి చదివాను.

నవలలో ముగ్గురు అక్కచెల్లెళ్లు. రెండో అమ్మాయి కోపిష్టి, దెబ్బలు తిని మెత్తబడుతుంది. గారాబంగా పెరిగిన చిన్నది ఇంటి బరువు ఎత్తుకుంటుంది. చదివేటప్పుడు కన్ను వాళ్లిద్దరి మీదికే పోతుంది కానీ, అందరికంటే ఎక్కువ ఎదిగింది పెద్దమ్మాయి అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. తనకేం కావాలో ఒక్కసారీ నోరు విప్పి చెప్పని మనిషి ఆమె. ఉత్తరాలు తెచ్చే అతనితో గుమ్మంలో రెండు మాటలు, అతను సైకిల్ ఎక్కేదాకా నిలబడటం, అంతే ఆ ప్రేమ. బదిలీ అయిన రోజు అతను "నాతో వస్తావా?" అని అడుగుతాడు. ఆమె "వస్తాను" అంటుంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు రెండు వందల పేజీలు పట్టింది.

అక్కకు ఆ పేజీ వినిపించిన సాయంత్రం నేను దాన్ని "రాను" అని చదివాను.

అప్పుడు మా ఊళ్లో బోరు మోటర్లు బాగుచేయడానికి రాజేందర్ అనే అబ్బాయి వచ్చేవాడు. పెళ్లి సంగతి మీ నాయినను అడగమంటావా అని అక్కను నేరుగానే అడిగాడు. అక్క ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమె పోతే నా చదువు ఎవరు వింటారని భయం వేసింది. అందుకే పెద్దమ్మాయిని చెల్లెళ్ల దగ్గరే ఉంచేసి, తర్వాతి పేజీలు సొంతంగా కల్పించి చెప్పాను. అక్క చేతిలో మిరపకాయ అట్లాగే ఉండిపోయింది. వారం తర్వాత రాజేందర్‌కు వద్దని చెప్పింది. ఆ మరుసటి ఏడాది నేనే హాస్టల్‌కు వెళ్లిపోయాను.

డోర్నకల్ స్టేషన్‌లో అక్క, రెండో తరగతి చదివే కూతురు అఖిల నా కోసం నిలబడి ఉన్నారు. బావ రైలు పట్టాల పనిలో డ్యూటీకి పోయాడు. ఇంట్లో గోడకు రెండు పలకలు వేలాడుతున్నాయి. "రెండెందుకే?" అన్నాను. "ఒకటి దానికి, ఒకటి నాకు. మీ బావే తెచ్చిండు. దానితోపాటు నేను గూడ నేర్చుకుంటాన్న," అని అక్క తల దించుకుని నవ్వింది. ఫోన్‌లో ఆ సంగతి చెప్పనే లేదు. పుస్తకం నేనే మళ్లీ చదివి వినిపిస్తానని, అప్పుడు ఆ మాట సరిదిద్దుకోవచ్చని అనుకుంటూ వచ్చాను.

బగారన్నం, కోడికూర తిని మధ్యాహ్నం పెద్ద చర్చికి నడిచాం. డోర్నకల్ వస్తే అది తప్పక చూడండి. బయటి గుమ్మటాలు మసీదును, రాతి స్తంభాలు గుడి మండపాన్ని గుర్తుచేస్తాయి. టికెట్ ఎవరూ అడగలేదు. ప్రార్థన అయిపోయి అంతా నిశ్శబ్దంగా ఉంది. నీడలో కూర్చోగానే అక్క పుస్తకం తెరిచి, మొదటి పేజీ మీద వేలు పెట్టింది.

"ఆ... ఇంట్లో... ఒకే... పుసకం..."

"పుసకం కాదమ్మా, పుస్తకం. 'స'కు 'త' వత్తు," అన్నది అఖిల.

"ఆగవే పంతులమ్మా. ఈ వత్తులతోనే సస్తాన్న. పుస్... తకం. పుస్తకం."

"అక్కా," అన్నాను, "ఆ నవలల ఒక కాడ నేను..."

"చెప్పకు."

"అది కాదక్కా, పెద్దామె సంగతి..."

"చెప్పకన్ననా. ఆమె 'రాను' అన్నది గదా. ఆ మాట ముంగట నువ్వు జరసేపు ఆగినవ్. ఎందుకు ఆగినవో అని ఇన్నేండ్ల సంది అనుకుంటాన్న." వేలు తీయకుండానే అన్నది. "గా పేజీ నేనే చదువుకోవాలె."

 అక్క ఇంకో మూడు వరుసలు చదివింది. ఎక్కడా నన్ను అడగలేదు, అఖిలనే అడిగింది.

తిరుగు బండి నాలుగున్నరకు. ప్లాట్‌ఫారం మీద మరోసారి నోరు తెరిచేలోపే బండి వచ్చేసింది. "చిన్నమ్మా, మల్లెప్పుడత్తవ్?" అని అఖిల కిటికీ ఊచలు పట్టుకుని అడిగింది. "జల్ది అత్తా," అన్నాను. అక్క పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని, బండి కదిలేదాకా నిలబడింది.

వంటయ్యాక రోజుకో పేజీ చదువుతానని చెప్పింది. ఆ లెక్కన 212వ పేజీకి ఏడు నెలలు, అంటే వానలు వెనకపట్టే సమయం. అక్కడ 'వస్తాను' అనే మాట ఉంది, 'స'కు 'త' వత్తుతో. ఆ వత్తు ఆమెకు ఇప్పుడు వచ్చు. నవలలో పెద్దమ్మాయి రెండు వందల పేజీల్లో ఎదిగింది. మా అక్క పలక మీద, నా సాయం లేకుండా ఎదుగుతోంది. నాకు మిగిలింది ఎదురుచూడటం. హాస్టల్ గదిలో ఇప్పుడు పైకి చదవబోతే గొంతు నాకే కొత్తగా వినిపిస్తోంది, ఆపేస్తున్నాను. ఆ పేజీ చదివిన రోజు అక్క ఫోన్ చేస్తుందో, చేయదో తెలియదు.

డోర్నకల్ వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. పొద్దుటి బండికే వెళ్లండి, నీళ్ల సీసా తీసుకెళ్లండి, చర్చిని మధ్యాహ్నం చూడండి. కానీ ఎవరికైనా చెప్పాల్సిన మాట ఉండి వెళ్తుంటే, స్టేషన్‌లో దిగగానే చెప్పేయండి. సాయంత్రం బండి అక్కడ రెండు నిమిషాలే ఆగుతుంది.