జాడీలో ఉప్పు, షెడ్డులో కారు

నిన్న మా కోడలు ప్యాకెట్ చింపి డబ్బాలో పోస్తుంటే ఉప్పు ఇసుకలా జలజలా రాలింది. బయట చూస్తే ముసురు. ఇంత వానలోనూ పొడిగా ఉండే ఈ ఉప్పును చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబితే మన ఈడువాళ్లకు అర్థమవుతుంది.

మావారు పాలకొల్లులో కాలవగట్టు పక్కన షెడ్డు వేసుకుని కార్లకు రంగులు వేసేవారు. గీకి తుడిచిన రేకు మీద ముందు ప్రైమర్ అనే అడుగుపూత కొట్టాలి, ఆ పూట గాలిలో చెమ్మ ఉంటే అది ప్రైమర్ కింద చిక్కుకుపోయి, కొన్నాళ్లకు రంగంతా పొక్కులు లేస్తుంది. చుట్టూ కాలవలూ చేలూ చెరువులేనాయె, మనకు చెమ్మ లేని రోజెక్కడిది! అందుకని ఆయన పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ "ఉప్పెలా ఉందే?" అని అడిగేవారు. నేను జాడీ మూత తీసి, కల్లుప్పు వేళ్లతో నలిపి చూసి, చేతికి అంటితే వద్దనేదాన్ని, గలగలమంటే కానివ్వమనేదాన్ని. వద్దన్న రోజున సొట్టలు తీసుకునేవారే గాని ప్రైమర్ జోలికి పోయేవారు కాదు. అంత పనికి నన్ను పెద్దను చేశారని లోలోపల మురిసిపోయేదాన్ని.

నరసాపురంలో టాక్సీ నడుపుకునే మా అన్నయ్యకూ ఆయనకూ ప్రాణస్నేహం. ఒక శ్రావణంలో అన్నయ్య పాత అంబాసిడర్ కొని, ఎవరి పెళ్లికో కారు పెడతానని ఒప్పుకుని, వెంటనే రంగు వేయమని తెచ్చాడు. ఆ వేళ జాడీ అడుగున నీరు ఊరి ఉంది. ఎండ వచ్చేదాకా ఆగమని మావారు బతిమాలారు. అన్నయ్య పకపకా నవ్వి, "నా కారుకి మా చెల్లి వంటింట్లో ముహూర్తం పెడతారేంటి బావగారూ?" అన్నాడు. కాదనలేక ఆయన ఊక పొయ్యిలు రాజేసి, కారు తలుపులు వెచ్చచేసి మరీ ప్రైమర్ కొట్టారు. పెళ్లిలో కారు అద్దంలా మెరిసింది. దసరాకల్లా తలుపుల నిండా పొక్కులు.

అన్నయ్య షెడ్డుకొచ్చి, నాసిరకం సామాను వేసి ముంచారని అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. ముందే చెప్పాను కదా అని ఆయన అంటే సరిపోయేది, అనలేదు. అంతా గీకేసి మళ్లీ వేస్తానన్నా వినకుండా అన్నయ్య కారు తీసుకుని వెళ్లిపోయాడు. ఎందుకు చెప్పలేదండీ అని నేను నిలదీస్తే, "నలుగురిలో మీ అన్నయ్య తల దించి నేనేం బావుకుంటానే?" అన్నారు. రాకపోకలు ఆగిపోయాయి. షెడ్డు ముందు ఏ అంబాసిడర్ ఆగినా మాత్రం, చేతిలో పని ఆపి తలెత్తి చూసేవారు.

ఆయన పోయాక వచ్చాడు అన్నయ్య, నిరుడు ఇలాంటి ముసురులోనే. వంటింటి గడప దగ్గర పీట మీద కూర్చుని కండువాతో తల తుడుచుకున్నాడు. తర్వాత "ఉప్పెలా ఉందమ్మా?" అన్నాడు. డబ్బా మూత తీసి చూపించాను. "ఈ మాట బావగారుండగా అడగాల్సింది" అంటూ కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడు కార్లను మూసిన గదుల్లో పెట్టి, వేడిగాలి వదిలి రంగులు వేస్తున్నారట, వానో ఎండో ఎవరినీ అడగక్కర్లేదట. మంచిదే. నాకే, పొద్దున కాఫీ కలిపాక చెయ్యి దానంతటదే ఉప్పు డబ్బా మీదకు పోతుంది. అడిగే ఆయన లేరు. ఉన్న ఉప్పుకేమో వానొచ్చిన సంగతే తెలియదు.